నవారు సాగేదాకా

కరీంనగర్‌లో ధాన్యం గంజు వెనక సందులో మా ఆయనా నేనూ పాత సామాన్ల దుకాణం పెట్టినప్పుడు ఊళ్ళో నలుగురూ ముక్కున వేలేసుకున్నారు. చచ్చినవాళ్ళ మంచాలు, బదిలీ అయినవాళ్ళ బల్లలు, దివాలా తీసినవాళ్ళ అల్మారాలు ఎవరు కొంటారని వాళ్ళ బాధ. అలా బాధపడినవాళ్ళే తర్వాత ఒక్కొక్కరుగా వెనక గుమ్మంలోంచి వచ్చి కొనుక్కుపోయారు. పాత సామాను కొనడం వాళ్ళకు తప్పు కాదు. కొంటూ కనబడటం తప్పు.

పని మేమిద్దరం పంచుకున్నాం. ఆయన వడ్రంగి పనిలో పుట్టి పెరిగినవాడు. వదులైన కాళ్ళు బిగించడం, పుచ్చిన చెక్క తీసి మంచిది అతకడం, లప్పం పెట్టి ఉప్పుకాగితంతో రుద్దడం, లక్క పాలిష్ పూయడం ఆయన వంతు. కుర్చీలకు బెత్తం అల్లడం, మంచాలకు నవారు గుంజడం, అబద్ధాలాడటం నా వంతు. ఈ మూడో పనే అన్నిటికంటే కష్టమని ఆయన ఒక్కనాడూ ఒప్పుకోలేదు.

పోలీసు యాక్షన్ తర్వాత ఊళ్ళల్లోని దొరలు కొందరు గడీలకు తాళాలేసి హైదరాబాద్ దారి పట్టారు. వాళ్ళ సామాను కొంత మాలాంటివాళ్ళ దగ్గరకు వచ్చిన మాట నిజమే. ఎంత వచ్చిందంటే, రెండు బండ్లకు మించదు. నేను అమ్మిన గడి కుర్చీలను బట్టి చూస్తే మాత్రం, ఈ జిల్లా దొరలందరూ పొద్దున లేచింది మొదలు ఒక కుర్చీలోంచి ఇంకో కుర్చీలోకి మారుతూనే బతికి ఉండాలి. కచేరీ హర్రాజులో కొన్నదైనా, మూతపడ్డ హోటల్లోదైనా, మా గడప దాటి లోపలికి వచ్చిన కుర్చీ గడి కుర్చీ అయిపోయేది. కొనేవాళ్ళకూ అదే కావాలి. నిన్నటిదాకా గడి ముందు చెప్పులు చేత్తో పట్టుకుని నడిచినవాళ్ళు, నాలుగు డబ్బులు కళ్ళచూశాక దొర కూర్చున్న కుర్చీలో కూర్చోవాలని ముచ్చటపడితే నేనెందుకు కాదనాలి? ఆ ముచ్చటకు కాస్త పాలిష్ పెట్టి ఇచ్చాను, అంతే.

మా ఆయనకు అబద్ధం రాదు. గుణం గొప్పదని కాదు, నాలుక తిరగదు. బేరం కుదిరే వేళకు సరిగ్గా లోపల్నుంచి వచ్చి, "గా ఎనక కాలు నేనే కొత్తగ ఏసిన, జర పైలం" అని చెప్పి మళ్ళీ లోపలికి పోయేవాడు. కొనేవాడు చెయ్యి వెనక్కి తీసుకునేవాడు. అందుకని గిరాకీ రాగానే ఆయన్ని చెక్క కోసమో, మేకుల కోసమో బయటకు తోలేదాన్ని. అలా కొన్న మేకులతో మా ఇంట్లో రెండు డబ్బాలు నిండాయి.

మిషన్ బడి టీచరమ్మ మా దుకాణానికి వచ్చింది పంచాయతీ సమితులు పెట్టిన కొత్తలో. సన్నగా, తెల్లచీర కట్టుకుని, చేతిలో గొడుగుతో వచ్చింది. వచ్చీ రాగానే ధర అడగలేదు. తండ్రి మోకాళ్ళ గురించి చెప్పింది.

"మా బాపుకు మోకాళ్ళు పోయినయక్కా. కాళ్ళు ఉబ్బుతున్నయి. దవఖానల డాక్టరమ్మ, కింద గొంతుక కూసోవద్దన్నది, నిలబడొద్దన్నది. కుర్చీల కూసోవెట్టుమన్నది. లేకుంటే ఆర్నెల్లల్ల మంచం వడ్తడట, ఇగ లేవడట."

"మరి మంచం మీద కూసోరాదా?" అన్నాను.

"రాత్రి పంటడు. పగటీలి మాత్రం వాకిట్ల ఎవరి నీడ వడ్డా దిగి కింద గొంతుక కూసుంటడు. దిగుడు, లేసుడు, దిగుడు, లేసుడు. గట్లనే మోకాళ్ళు పోయినయి."

ఆమె తండ్రి చొప్పదండి అవతల ఒక ఊరి గడిలో వెట్టి చేసినవాడని తర్వాత మాటల్లో తెలిసింది. బిడ్డను మిషన్ వాళ్ళు చదివించారు. ఉద్యోగం వచ్చాక ఆమె తండ్రిని తెచ్చుకుని బడి పక్కన రెండు గదుల ఇంట్లో పెట్టుకుంది. ఇదంతా తెలిశాక నాలాంటి తెలివైనది ఏం చేస్తుంది? ఉన్నవాటిలో పెద్ద కుర్చీ ముందుకు లాగి, "టీచరమ్మా, గిది గడి కుర్చీ. దొర కూసున్నది. గీన్ల మీ బాపును కూసోవెట్టు. గంతకంటె మర్యాద ఇంకేమున్నది?" అన్నాను. ఆమె కళ్ళు మెరిశాయి. నిజానికి ఆ కుర్చీ కచేరీలో నకళ్ళు రాసే గుమాస్తాది. అంత గొప్ప మాట అప్పటికప్పుడు తట్టినందుకు ఆ రోజంతా నన్ను నేనే మెచ్చుకున్నాను.

మా దుకాణంలో ఒక పద్ధతి ఉండేది. సామాను తీసుకుపోయిన ఎనిమిది రోజుల్లోపు నచ్చకపోతే తిరిగి ఇవ్వచ్చు. అది మా ఆయన పెట్టిన పద్ధతి. ఏ కుర్చీ కూడా తిరిగి రాదని ఆయన ధీమా.

ఎనిమిదో రోజున కుర్చీ తిరిగి వచ్చింది. రిక్షాలోంచి దించుతుంటేనే కళ్ళు చెదిరాయి. మేం పంపినదానికంటే మూడింతలు మెరుస్తోంది. చేతుల మీద, కాళ్ళ సందుల్లో, బెత్తం కన్నాల్లో కూడా దుమ్ము లేదు. మా ఆయన దాని చుట్టూ తిరిగి మురిసిపోయాడు.

"చూసినవా? నా పాలిష్ అంటె గిట్లుంటది. రోజులు గడిచినకొద్ది తేటపడ్తది."

టీచరమ్మ మొహం మాత్రం తేటగా లేదు. "కూసోలేదక్కా," అంది. "గడి కుర్చీ అని చెప్పి సంబురంగ ముందల వెట్టిన. పొద్దుగాల లేసి తుడుస్తడు. పగటీలి తుడుస్తడు. పొద్దుగూకంగ మల్ల తుడుస్తడు. తుడిచి పక్కన నిలబడ్తడు. ఇంతకుముందు జర సేపన్న కింద కూసుంటుండె. ఇప్పుడు కుర్చీ పక్కన దినమంత నిలబడుడే. కాళ్ళు ఇంకింత ఉబ్బినయి."

నేను చేసిన పని అప్పుడైనా నాకు తెలిసి ఉండాలి. తెలియలేదు. ముసలాయన మొండివాడు అనుకున్నాను. దొర కుర్చీ పెద్దదైపోయిందేమోనని ఈసారి కొంచెం చిన్నది ఇచ్చి, తహసీల్దారుది అని చెప్పాను. అదీ మెరుస్తూ తిరిగి వచ్చింది. మూడోసారి చేతుల్లేని స్టూలు ఇచ్చాను. దాని మీద ఆయన దీపం, బైబిలు పెట్టుకున్నాడట. బిడ్డ చదువుకునేటప్పుడు పక్కన నిలబడి పుస్తకం మీద వాలే పురుగులను తోలుతున్నాడట.

మా ఆయనకు రోషం వచ్చింది. దుకాణం పెట్టిన ఇన్నేళ్ళలో ఒకే ఇంటి నుంచి మూడుసార్లు సామాను తిరిగి రావడం ఆయన ఎరగడు. నాకు కోపమే వచ్చింది. రోగం తనది, బిడ్డ బతిమాలుతోంది, కూర్చుంటే ఏం పోయిందట?

స్టూలు తిరిగి ఇవ్వడానికి ముసలాయనే వచ్చాడు. నెత్తి మీద పెట్టుకుని, ఆ మోకాళ్ళతో, మిషన్ బడి నుంచి గంజు దాకా నడిచి వచ్చాడు. పొడుగాటి మనిషి. గుమ్మం బయటే ఆగి స్టూలు దించి, భుజం మీది తువ్వాలతో దాన్ని తుడిచి, దూరంగా జరిగి నిలబడ్డాడు. లోపలికి రమ్మని నేను అనలేదు. నీళ్ళు అడిగితే దోసిట్లో పోశాను. మా ఇళ్ళల్లో అదే అలవాటు. ఆ రోజు అది నాకు తప్పుగా తోచలేదు. ఇప్పుడు రాస్తుంటే సిగ్గుగా ఉంది.

సరిగ్గా అప్పుడే దుకాణంలో బొగ్గుబాయిలకు కలప తోలే కంట్రాక్టరు ఒకాయన ఉన్నాడు. వేళ్ళకు మూడు ఉంగరాలు. బెత్తం అల్లిన పెద్ద కుర్చీ ఒకటి ఆయనకు చూపించి, గడిలో దొర పొద్దున్నే చాయ తాగుతూ కూర్చున్నది ఇందులోనే అని ఆ చాయ వాసన కూడా వర్ణిస్తున్నాను. ఆయన సగం నమ్మాడు. నవ్వుతూ గుమ్మం వైపు తిరిగి, "ఏం పెద్దమనిషీ, ఏ ఊరు మీది? గడి సామాను ఎన్నడన్న చూసినవా?" అని సరదాకి అడిగాడు.

ముసలాయన తన ఊరి పేరు చెప్పాడు. కుర్చీకి నేను చెప్పిన ఊరూ అదే.

"గయితే చెప్పు, గిది మీ దొరదేనా?"

ఆయన కుర్చీని ముట్టుకోలేదు. ఉన్నచోటు నుంచే మెడ వంచి చూశాడు. "గాదు బాంచెను," అన్నాడు నెమ్మదిగా. "మా గడిల పద్దెనిమిది కుర్చీలు. పన్నెండు బెత్తంవి, నాలుగు మెత్తలవి, రెండు పడక కుర్చీలు. బెత్తంవాటికి ఎనక చిలుక చెక్కి ఉంటది. గిసొంటిది లేదు."

కంట్రాక్టరు నవ్వాడు. నా వైపు చూసి ఇంకా గట్టిగా నవ్వాడు. నవ్వుతూనే మెట్లు దిగిపోయాడు.

నాకు ఒళ్ళు మండింది. "మేం నీకేం అన్యాలం జేసినం పెద్దయ్యా? మూడుసార్లు సామాను పంపితె మూడుసార్లు తిప్పి పంపినవు. ఇప్పుడు బేరం గూడ చెడగొట్టినవు. కుర్చీల కూసుంటె నీకేమన్న ముండ్లు గుచ్చుకుంటయా?" అన్నాను. ఇంకా చాలా అన్నాను. నేను మాట్లాడటం మొదలుపెడితే సందు చివరి కిరాణా కొట్టు దాకా వినబడేది.

ఆయన అంతా విన్నాడు. "తప్పయింది అమ్మా. అడిగిండ్రని చెప్పిన," అన్నాడు. తర్వాత నేను అడిగిన రెండో మాటకు కూడా జవాబు చెప్పాడు.

"నా పనే కుర్చీలు తుడుసుడు అమ్మా. చిన్నప్పటి సంది. పద్దెనిమిది తుడిచినంక పెద్ద దొర వచ్చి ఏలుతోని గీకి చూస్తుండె. ఏలుకు దుమ్ము అంటిందనుకో, గా కుర్చీ నెత్తి మీద పెట్టుకొని వాకిట్ల నిలబడాలె. పొద్దు తిరిగేదాక. నా నెత్తి మీద కుర్చీ ఉన్నది గని, నా కింద ఎన్నడు లేదు."

బయట ఉన్న స్టూలు నేను లోపలికి తీసుకున్నాను.

"బిడ్డ కూసోమంటె నాకు గూడ కూసోవాలనే ఉంటది. మోకాళ్ళు వంచుత. ఇగ కూసుంట అనంగ ఎవలో ఎనక నిలబడి చూస్తుండ్రనిపిస్తది. చెయ్యి దానంతటదే తువ్వాల మీదికి పోతది."

అలా చెప్పి, వచ్చిన దారిన ఎడమ కాలు ఈడ్చుకుంటూ పోయాడు. సందు మలుపులో గోడ పట్టుకుని రెండుసార్లు ఆగాడు.

ఆ పూట నాకు అన్నం సయించలేదు. గడి కుర్చీ అని గొప్పలు చెప్పి, ఆయన ఏ కుర్చీ కింద నలిగాడో ఆ కుర్చీనే మర్యాద పేరుతో ఇంటికి పంపాను. కచేరీ గుమాస్తా కుర్చీని గుమాస్తా కుర్చీ అని చెప్పి ఉంటే మొదటి వారమే కూర్చునేవాడేమో. కాదు, బహుశా అప్పుడూ కూర్చునేవాడు కాదు. కానీ నావల్ల ఆయన ఎనిమిది రోజులు ఎక్కువ నిలబడ్డాడు. ఆ మాట ఎటు తిప్పినా మారలేదు. జీవితంలో మొదటిసారి నా అబద్ధం నాకే రుచించలేదు.

మా ఆయన నేను చెప్పిందంతా విని, రెండు రోజులు పట్టి ఒక కుర్చీ చేశాడు. కాళ్ళు పాత బడి బెంచీవి, చేతులు విరిగిన ఉయ్యాలవి, వీపు చెక్క ఎవరిదో అటక తలుపుది. "గిది ఎవ్వలదీ గాదు. గీన్ల ఇంతవరకు ఎవ్వలు కూసోలే," అన్నాడు. ఆయన మెదడులో పుట్టిన వేదాంతం అంతా ఆ కుర్చీలో ఉంది. చూడ్డానికి మాత్రం ముక్కొకరిది, చెవొకరిది.

"ఎవ్వలదీ గాదని నువ్వు చెప్తె కూసుంటడా? కూసోడు," అన్నాను.

"మరేం జేద్దమంటవే?"

అప్పుడు నాకు తట్టింది. ఆ మనిషికి కూర్చోవడమంటే భయం కానీ పని అంటే భయం లేదు. పని చెప్తే ఎక్కడైనా నిలబడతాడు, ఎండలోనైనా నిలబడతాడు. అయితే కూర్చోవడమే పనిగా చెప్తే?

కుర్చీకి కొత్త నవారు అల్లి, కావాలనే కాస్త వదులుగా ఉంచాను. టీచరమ్మకు కబురు పెట్టాను. మర్నాడు పొద్దున్నే ముసలాయన వచ్చాడు.

"పెద్దయ్యా, ఒక ఆపతి వడ్డది," అన్నాను, మొహం వీలైనంత దిగాలుగా పెట్టుకుని. "గీ నవారు కొత్తది. మనిషి బరువు మీదనే సాగాలె. మధ్యల లేస్తె ముడుచుకపోయి ఇగ పనికిరాదు. మా ఇద్దరికి ఊపిరాడని పనున్నది. నువ్వు జర కూసోని సాగదీసి పెట్టాలె."

ఆయన కుర్చీ వైపు చూశాడు. చుట్టూ తిరిగి వీపు చెక్క చూశాడు, చేతులు చూశాడు, వంగి కాళ్ళు చూశాడు. "దీన్ల గడిది ఒక్క చెక్క గూడ లేదు," అన్నాడు. బేరం చెడగొట్టిన ఆ నోటితోనే ఆ మాట అన్నాడు కనుక నాకు భలే సంతోషం కలిగింది.

"ఎంతసేపు కూసోవాలె?"

"పొద్దుగూకేదాక."

కాళ్ళు కడుక్కున్నాడు. ధోవతి దులుపుకున్నాడు. తువ్వాల చేతిలోకి తీసుకోబోయి, ఆగి, మళ్ళీ భుజం మీద వేసుకున్నాడు. మెల్లగా కూర్చున్నాడు. బస్సులో ఇంకొకరి సీట్లో కూర్చున్నవాడిలా అంచు మీద కూర్చుని, రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. మేమిద్దరం ఆయన్ని చూడనట్టు నటిస్తూ చచ్చేంత పని చేశాం. మా ఆయన అప్పటికే నున్నగా ఉన్న బల్లనే మూడుసార్లు చిత్రిక పట్టాడు.

గుమ్మంలో ఎవరి అడుగు పడినా ఆయన లేవబోయేవాడు. "నవారు!" అని నేను అరిచేదాన్ని. కూర్చునేవాడు. తపాలా ఆయన వచ్చాడు, "నవారు!" ఇచ్చోడ నుంచి టేకు చెక్కల బండి వచ్చింది, "నవారు!" ఒక మేక వచ్చింది. మేకను చూసి కూడా లేచాడో, లేక మేకను తోలడానికి లేచాడో చెప్పలేను. దానికీ అరిచాను.

అలా రోజూ వచ్చేవాడు. సాయంత్రం ఆయన పోయాక నేను ఆ నవారు విప్పి మళ్ళీ వదులుగా అల్లేదాన్ని. పొద్దున ఆయన రాగానే, "నిన్నటిది చాల్లే, ఇగ గిది సాగదీయి," అనేదాన్ని. అల్లింది విప్పడం, విప్పింది అల్లడం. ఈ తెలివికి నా చేతులు బొబ్బలెక్కాయి. ఆయన వచ్చిన మూడో రోజు నుంచి నీళ్ళు చెంబుతో ఇచ్చాను. చాయ మేం తాగే గ్లాసులోనే ఇచ్చాను. మొదటిసారి ఆయన గ్లాసు వైపు, నా వైపు చూసి తాగాడు. నేనూ పెద్ద ఘనకార్యం చేసినట్టు అటూ ఇటూ చూశాను, అది ఇంకో సిగ్గు.

టీచరమ్మ ఒకరోజు బడి అయ్యాక వచ్చింది. లోపలికి రాలేదు. వస్తే తండ్రి లేస్తాడని ఆమె భయం. కిరాణా కొట్టు దగ్గర గొడుగు అడ్డం పెట్టుకుని నిలబడి చూసింది. నేను ఉప్పు కొనే సాకుతో అటు వెళితే నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఉబ్బు తగ్గిందక్కా. రాత్రి కాళ్ళు గుంజుతలేవంట," అంది. ఏడుస్తోంది. నాకూ ఏడుపొచ్చింది. ఇంట్లో ఉప్పు అప్పటికే సరిపడా ఉన్నా ఇంకో శేరు కొన్నాను.

ఆ తర్వాత ఒక పొద్దున మా సందులోకి జీపు వచ్చింది.

సందులో వాళ్ళంతా లేచి నిలబడ్డారు. దిగినాయన తెల్లటి ఖద్దరులో ఉన్నాడు. చొప్పదండి అవతలి ఆ ఊరి దొర కొడుకు. తండ్రి పోయాక గడి తాళం తీయించి, ఖద్దరు కట్టి, చేతులు జోడించి తిరిగి, సమితిలో పెద్దమనిషి అయ్యాడు. సమితి ఆఫీసుకు కుర్చీలు కావాలని వచ్చాడు. ఆయన్ని చూడగానే నేనూ లేచాను. దాచడమెందుకు, కాళ్ళు వాటంతటవే లేచాయి.

ఆయన చూపు నా మీద పడలేదు. కుర్చీలో ఉన్న మనిషి మీద పడింది.

"ఏందిరా, నువ్వింక బతికే ఉన్నవా?" అన్నాడు. కోపంగా కూడా అనలేదు. తప్పిపోయిన వస్తువు ఏదో దొరికినట్టు అన్నాడు.

ముసలాయన చేతులు కుర్చీ చేతులను గట్టిగా పట్టుకున్నాయి. నడుము జానెడు పైకి లేచింది. భుజం మీది తువ్వాల జారి ఆయన చేతిలోకి వచ్చింది. నేను అరవాలి. రోజూ ఇరవైసార్లు అరిచినదే, ఒక్క మాట. నోరు తెరిచాను. రాలేదు. ఇన్నేళ్ళు జిల్లా మొత్తానికి కథలు చెప్పిన నోరు ఒక ఖద్దరు చొక్కా ముందు ఎండిపోయింది.

"లేవకు పెద్దయ్యా," అన్న మాట లోపలి నుంచి వినబడింది. చేతిలో ఉలితో మా ఆయన గుమ్మంలో నిలబడ్డాడు. "లేస్తె నవారు చెడ్తది. పొద్దుగాల సంది కూసున్నదంత ఖరాబైతది." ఆ తర్వాత జీపు ఆయన వైపు తిరిగి, "ఏమనుకోకు దొరా, పనిల ఉన్నడు," అన్నాడు. మా ఆయన మొహం ఎర్రబడింది. అబద్ధం చెప్పడం అలవాటు లేనివాడికి అలాగే ఉంటుంది.

జానెడు పైకి లేచిన మనిషి అలాగే ఆగాడు. ఎంతసేపు ఆగాడో నాకు తెలియదు. తర్వాత కూర్చున్నాడు.

దొర కొడుకు కూర్చోవడానికి చుట్టూ చూశాడు. దుకాణం నిండా కుర్చీలే. కానీ ఆ రోజు కొత్తగా అల్లడానికని అన్నిటికీ పాత బెత్తం పీకేసి ఉంది. కట్టెల చట్రాలు తప్ప కూర్చునే చోటు ఒక్కదానికీ లేదు. ఆయన నిలబడే మాట్లాడాడు. ఎన్ని కుర్చీలు, ఏ చెక్క, ఎప్పటికి కావాలి, అన్నీ నిలబడే చెప్పాడు. మా ఆయన ఒక్కోదానికి నిదానంగా రెండుసార్లు కొలతలు అడిగాడు. అంత నిదానంగా మా ఆయన కొలతలు అడగడం నేను మళ్ళీ చూడలేదు. ముసలాయన అంతసేపూ నేల వైపే చూస్తూ ఉన్నాడు. తువ్వాల ఒళ్ళో ఉంది. దానితో ఏమీ తుడవలేదు.

జీపు పోయింది. సందులో దుమ్ము అణిగింది. ముసలాయన్ని ఇంకా ఆ కుర్చీలో పెట్టి ఉంచడం హింస అనిపించింది.

"పెద్దయ్యా, సాలు. నవారు సాగింది. ఇగ లేస్తె లెవ్వు," అన్నాను.

ఆయన తల ఎత్తి నా వైపు చూశాడు. ఆ చూపు నేను అంతకుముందు చూడలేదు.

"నవారుకు మనిషెందుకు బిడ్డా?" అన్నాడు. "నీళ్ళు జల్లి, మీద ఒక బండ పెట్టి ఇడిస్తె ఒక్క పూటల సాగుతది. గడి మంచాలన్నిటికి నవారు గుంజింది నేనే."

నాకు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. రోజూ అల్లింది విప్పడం, విప్పింది అల్లడం, మేకను చూసి అరవడం, అన్నీ కళ్ళ ముందు తిరిగాయి. లోపల మా ఆయన ఉలి కింద పెట్టిన చప్పుడైంది.

"నీకు మొదటి దినమే ఎరుకనా?"

"ఎరుకే."

"మరి చెప్పలేదేంది?"

"చెప్తె లేవాలె గద," అన్నాడు.

మా ఆయన లోపల్నుంచి వచ్చి ఆయన పక్కన నేల మీద కూర్చుని, ఒక చట్రం ముందుకు లాక్కుని కాలు బిగించడం మొదలుపెట్టాడు. నేను బెత్తం నానబెట్టడానికి నీళ్ళు తెచ్చాను. ఆ సాయంత్రం దాకా ఎవరెవరో వచ్చారు, పోయారు. ముసలాయన లేవలేదు, నేనూ అరవలేదు.